బావ చేతికి తగిన కట్టె

పోయినవి ముందు చెప్పుకుంటాను. లెక్క ఎప్పుడూ పోయినవాటితో మొదలుపెట్టడం నాకు అలవాటు. భూపాలపల్లి అడవి వెదురు కట్టె ఒకటి. జనగామలో కొన్న సన్న బొంగు ఒకటి. నల్లటి కార్బన్ కర్ర ఒకటి. అది ఇంకా తలుపు వెనకే ఉంది కానీ పనికిరానిది ఉన్నట్టు కాదు గనుక పోయినవాటిలోనే రాస్తాను. గాలానికి కట్టే తంగూసు దారం సగం వాడిన చుట్ట ఒకటి, జొన్నబెండుతో చేసిన తేలుడు ముక్క ఒకటి. మా బావ కుడిచేతి పట్టు మొత్తం. ఎడమచేతి పట్టు, ముందు బొటనవేలిది, తర్వాత మిగతా వేళ్లది. ఆయన నడక. మా అక్క నిద్ర. గణపురం చెరువులో పట్టవలసిన కొర్రమట్ట ఒకటి. అది పోయినవాటిలోకి వస్తుందో, అసలు రానివాటిలోకి వస్తుందో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఈ లెక్క ఈ రోజు మళ్లీ కదలడానికి కారణం నా భార్య చెవి కమ్మ. దాని మర ఊడిపోతే పొద్దున తొర్రూరు బజారులో బంగారం దుకాణానికి తీసుకుపోయాను. సేటు నన్ను చూసి నవ్వాడు. "ఏంది లెక్కలన్నా, ఈ నడుమ కట్టెలు తెస్తలేవు. మా తరాజు బెంగ పెట్టుకున్నది" అన్నాడు. బావ సంగతి ఆయనకు తెలియదు. కమ్మ చేతిలో పెట్టి బెంచీ మీద కూర్చున్నాను. ఒకప్పుడు నేను ఆ తరాజు మీద గాలం కట్టెల ముక్కలు తూచేవాణ్ని. బేరం కోసం వచ్చిన ఆడవాళ్లు గొలుసులు పక్కన పెట్టి మరీ చూసేవాళ్లు. "దీనికి హాల్‌మార్క్ ఏయమంటవా?" అని సేటు అడిగేవాడు. నేను లెక్కలు రాసే మిర్చి అడ్తి దుకాణంలో కాంటాలు లేక కాదు. బస్తాలు తూచే కాంటాకు కర్ర బరువు తెలియదు, దాని ముల్లు కదలను కూడా కదలదు. నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ని. నాకు వచ్చిన లెక్కలన్నీ మిర్చి బస్తాల దగ్గర నేర్చుకున్నవే. వాటికి తరుగు తీయడం వచ్చు కానీ గ్రాముల మీద గౌరవం ఉండదు. అది నాకు బావ వల్ల వచ్చింది.

మా బావ భూపాలపల్లిలో బొగ్గు బాయిలో పంపు నడిపేవాడు. బాయిలోకి ఊరే నీళ్లను తోడి పైకి పంపడం ఆయన పని. చీకట్లో నీళ్ల పక్కన కూర్చుని ఉద్యోగమంతా చేసినవాడు సెలవు దొరికితే చాలు, వెలుతురులో నీళ్ల పక్కన కూర్చోవడానికి గణపురం చెరువుకు పోయేవాడు. "ఇన్నేండ్లు నీళ్లు తోడి బయట పోసిన బామ్మర్దీ, అండ్ల ఒక్క పరక చేప రాలె" అని నాతో అనేవాడు. ఆయనకు కావలసింది కొర్రమట్ట. మిగతా చేపలు పడితే పక్కవాడికిచ్చి వచ్చేవాడు. కొర్రమట్ట ముందు ఎరను ముట్టి చూస్తుందట, తర్వాత కొంచెం ఆగుతుందట, ఆ ఆగడం అయిపోయాక గుంజుతుందట. ఆ మూడు సంగతులూ కట్టె లోంచి అరచేతికి రావాలి. అందుకని కట్టె ఎంచుకోవడంలో ఆయన మా అక్కను చూడటానికి వచ్చినప్పటి కంటే ఎక్కువ ఆలస్యం చేసేవాడు. ఈ మాట నాది కాదు, అక్కది. అడవి నుంచి తెచ్చినవాళ్ల దగ్గర కట్టెల మోపు విప్పించి ఒక్కొక్కటి చేతిలో పట్టి గాలిలో ఊపేవాడు. మొదలు దగ్గర కణుపులు దగ్గరగా ఉండాలి, కొసకు పోయేకొద్దీ దూరం జరగాలి. కొస వంగాలి, నడుము వంగకూడదు. నేను ఒకసారి విసిగి, "ఏదైతే ఏంది బావా, చేపకు తెలుస్తదా?" అంటే, "చేపకు తెల్వదు, నాకు తెలుస్తది" అన్నాడు.

ఒక చలికాలం ఆయన కుడిచేతి బొటనవేలు చొక్కా గుండీని పట్టలేకపోయింది. తర్వాత చాయ్ గ్లాసు. హన్మకొండ దవాఖానలో ఎముకల డాక్టరు చూశాడు, తర్వాత హైదరాబాదులో నరాల డాక్టరు చూశాడు. చర్మం కింద పురుగు పాకినట్టు కండ అదురుతోందని అక్క చూపిస్తే, ఈ జబ్బులో అట్లాగే ఉంటుందన్నాడు. స్పర్శ పోదు, తెలివి పోదు, బలం ఒక్కటే పోతూ ఉంటుంది, మళ్లీ రాదు అని మెల్లగా చెప్పాడు. తిరుగు ప్రయాణంలో జనగామ దాటాం. అప్పుడు బావ, "స్పర్శ పోదన్నడు గదా" అన్నాడు. "అన్నడు" అన్నాను. "అయితే ఎడమచెయ్యి ఉన్నన్ని దినాలల్ల ఒక్క కొర్రమట్ట పట్టాలె. గుంజుడు తెల్వాలె, గంతే సాలు. నువ్వు లెక్కల మనిషివి, నా చెయ్యికి ఎంత కట్టె పడుతదో లెక్క తియ్యి."

అది నాకు చేతనైన పనే అనిపించింది. చేతనైన పని దొరకడం ఆ రోజుల్లో మా ఇంట్లో అందరికీ పెద్ద ఆధారం. చేతికి ఎంత బలముందో తెలుసుకోవడానికి నేనొక పద్ధతి పెట్టాను. ఆయన ఎడమచేతికి గుడ్డసంచి తగిలించి, నేను తెచ్చిన ఎండుమిర్చి పిడికెడు పిడికెడు అందులో వేస్తూ పోవాలి. చెయ్యి వాలగానే ఆపి సంచి తూచాలి. మొదటిసారి అక్క తుమ్మి తుమ్మి వాకిట్లోకి పరుగెత్తింది. "ఆయన జబ్బు నరాలది తమ్మీ, నువ్వు ముక్కులకెళ్లి సంపేటట్టున్నవ్" అంది. ఆ సంచి అర్ధకిలో తూగింది. ఆయన పాత అడవి కట్టె ఏడు వందల గ్రాములు. దాన్ని పక్కింటివాళ్లకు మునక్కాయలు దులుపుకోవడానికి ఇచ్చేశాం.

రెండో కట్టె కోసం జనగామ పోయాను. అక్కడ మేదరివాళ్లు బొంగులు నిలబెట్టి అమ్ముతారు. బుట్ట అల్లుతున్న ఆమె నా చేతిలోని సంచి తూచే చిన్న మిషను చూసి, "బొంగులు కిలోల లెక్కన ఎప్పటి సంది అమ్ముతున్నమన్నా?" అంది. సంగతి చెప్పాను. ఆమె అల్లిక ఆపి లేచి, లోపలి నుంచి సన్నటి ఎండు బొంగొకటి తెచ్చింది. "లోపల బోలు ఎక్కువున్నది. తేలికనే, కని పెద్ద చేప పడితే ఇరుగుతది" అంది. పెద్ద చేప పడితే విరిగినా ఫరవాలేదన్నాను. ఆమె నా వైపు చూసి, బొంగును కొంగుతో తుడిచి చేతికిచ్చింది. ఎనిమిది అడుగుల ఆ బొంగుతో రెండు బస్సులు ఎక్కాను. పరకాల బస్సులో కండక్టరు, "దీనికి హాఫ్ టికెట్టా, ఫుల్లా?" అన్నాడు. గాజు పెంకుతో పైపొర గీకి, నిప్పుల మీద కాచి వంకర తీసి, మూడు వందల గ్రాములకు తెచ్చాను. అప్పటికి మిర్చి సంచి రెండు వందల యాభైకి దిగింది. బావ ఆ బొంగును పట్టుకున్నాడు, ఎత్తాడు, అది తిరిగి నేల మీద ఆనింది. "మంచి కట్టె బామ్మర్దీ" అన్నాడు. అక్క దాన్ని బట్టల తీగకు ఊతం పెట్టుకుంది.

ఇక వెదురుతో కాదని ఫోనులో వెతకడం మొదలుపెట్టాను. గాలం కట్టెలు స్వయంగా తయారుచేసుకునేవాళ్లకు ఏ హంగూ బిగించని ఒట్టి కర్ర అమ్ముతారట. దాన్ని బ్లాంకు అంటారు. పిడి, రింగులు మనమే కట్టుకోవాలి. పొడవు, బరువు, కొస ఎంత వంగుతుంది, ఎంత లావు దారం కట్టవచ్చు, అన్నీ అంకెల్లో రాసి ఉంటాయి. చాలా కాలం తర్వాత మా మనుషులు దొరికినట్టు అనిపించింది. ఏడు అడుగులది, అరవై గ్రాములది, నల్లటి కార్బన్‌ది ఒకటి ఎంచాను. అమెరికా నదుల్లో స్మాల్‌మౌత్ బాస్ అనే చేప కోసం చేసినదట. మన కొర్రమట్ట అంత బరువే ఉంటుంది, అంత మొండిగానే గుంజుతుందని చదివాను. పేరుకు అర్థం చెబితే బావ చాలాసేపు నవ్వాడు. "చిన్న నోరు చేపనా? మన కొర్రమట్టకు నోరు తప్ప ఇంకేమున్నది?" అక్క వంటింట్లోంచి, "నీ నోరు సూసే తెప్పించిండు" అంది.

అది వచ్చేసరికి సంచి వంద గ్రాములు. నలభై గ్రాములు మిగులు. ఇన్నాళ్లలో మొదటిసారి లెక్క మావైపు ఉంది. దారం చుట్టే మిషను పెడితే బరువని మానేసి, తంగూసును నేరుగా కొసకే కట్టాను. పిడికి బెండు ముక్క అతికించాను. అప్పుడు తెలిసింది, కర్ర తరాజు మీద ఒక బరువు, చేతిలో ఇంకో బరువు. కొస ముందుకు లాగుతుంది, మణికట్టు ఆగదు. కర్ర మొదలు దగ్గర సీసం ముక్క పెడితే కర్ర సమంగా నిలబడుతుంది, కానీ మొత్తం బరువు చెయ్యి దాటిపోతుంది. సీసం తీస్తే బరువు సరిపోతుంది, కొస వాలిపోతుంది. సీసాన్ని చాకుతో చెక్కుతూ పెట్టాను, తీశాను. ఆ రెండింటి మధ్య ఎక్కడో ఒక అంకె ఉండాలని నమ్మాను. లేదు. చివరికి సీసం తీసేసి, కర్ర మొదలును ఆయన మోచేతి కింద ఆనించేలా చేశాను. అట్లా ఎడమచెయ్యి ఎంతోసేపు కాదు కానీ పట్టుకోగలిగింది.

ఆటోలో గణపురం చెరువుకు పోయాం. ప్లాస్టిక్ కుర్చీని బురద లేనిచోట వేశాం. దూరంగా చెల్పూరు కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాల మీద తెల్లటి పొగ కదలకుండా ఉంది. చేతిని కర్రకు గుడ్డపేలికతో కడతానని అక్క అంటే ఆయన ఒప్పుకోలేదు. "కట్టేస్తే నేను కట్టెను పట్టినట్టా, కట్టె నన్ను పట్టినట్టా?" అన్నాడు. చిన్న కప్పపిల్లను ఎరగా గుచ్చి, తామరాకుల అంచున నేనే వేశాను. తేలుడు బెండు నీటి మీద నిలబడింది. ఆయన వేళ్లు ఒక్కొక్కటిగా సర్ది నేను వెనక్కు జరిగాను. ముగ్గురం నీళ్ల వైపే చూస్తున్నాం. కొంతసేపటికి నల్లటి కర్ర కొస సన్నగా వణికింది. దారం కదిలింది. బెండు చుట్టూ గుండ్రంగా చిన్న అల లేచింది. ఆగింది. మళ్లీ వణికింది. ముట్టడం, ఆగడం, ఆయన చెప్పినట్టే.

"బావా, తగిలింది" అన్నాను.

ఆయన బెండు వైపు చూడటం లేదు, తన మణికట్టు వైపు చూస్తున్నాడు. "గది చేప గాదు బామ్మర్దీ. నేనే."

నేనూ చూశాను. బొటనవేలి మొదట్లో చర్మం కింద కండ అదురుతోంది. అది అదిరినప్పుడల్లా ఏడు అడుగుల అవతల కొస అదురుతోంది. వెదురైతే ఆ అదురును తనలోనే మింగేసేది. ఈ కర్ర గొప్పతనమంతా చిన్న కదలికను కూడా దాచకపోవడమే. అవతలిది ఇవతలికి చెప్పినట్టే ఇవతలిది అవతలికీ చెబుతుందని అంకెల్లో రాసి లేదు. ఆయన కొంచెంసేపు ఆ బెండు ఆడటం చూసి, "నన్ను నేనే పట్టుకున్న. తూకం ఎంతో సూడు" అన్నాడు. అక్క చెట్టు వైపు తిరిగింది. తర్వాత వేళ్లు వాటంతట అవే విడిపోయాయి, కర్ర ఒడిలో పడింది. ఆ రోజు ఏ చేపా ముట్టలేదు. ఆటో ఎక్కించేటప్పుడు నా చెవి దగ్గర, "ఇంక తేలికది ఉంటదా?" అని అడిగాడు. ఉంటది బావా, చూస్తానన్నాను.

పోయిన ఆదివారం వెళ్లాను. ఇప్పుడు ఆయన మాట అక్కకు తప్ప ఎవరికీ అందదు. మిర్చి సంచి తీసుకుపోవడం మానేసి చాలా కాలమైంది. నన్ను చూసి పెదవులు కదిపాడు. అక్క వంగి విని, కొంగుతో ఆయన మూతి తుడిచి, "ఇంక తేలికది దొరికిందా అని అడుగుతండు" అంది. "సూస్తున్న బావా" అన్నాను. చూశాను కూడా. నాకు కనిపించినంతలో అన్నిటికంటే తేలికైన బ్లాంకు ముప్పై ఎనిమిది గ్రాములు. ఆయన చెయ్యి ఎత్తగలిగేది ఇప్పుడు సున్నా. రోజులు గడిస్తే గుండె మీది బరువు దానంతట అదే తగ్గుతుందని, చూడటానికి వచ్చినవాళ్లు అక్కతో అంటుంటారు. రోజులు తగ్గించింది చేతిని, కట్టెను కాదు. ఆ ముప్పై ఎనిమిది గ్రాములు బావకు నేనింకా బాకీ.