ఏనుగుని ఏనుగనే అనాలట

మా అమ్మకి బెంగాలీ బాగానే వచ్చు. చేపల బజార్లో బేరానికి దిగిందంటే అమ్మేవాడే "మాశీ, ఇంక వదిలెయ్" అనాలి. కానీ ఒక్క మాట మాత్రం ఆవిడ నోట పలికించడం మా వల్ల కాలేదు.

మేముండే రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో మా పక్క క్వార్టర్ బెంగాలీ దీదీ చీకటి పడితే పాము పేరెత్తదు, "లత" అంటది, అంటే తీగ. దానికి అమ్మ అడ్డు చెప్పలేదు, మనమూ పురుగనే కదా అంటాం. నక్కని పండితుడంటే నవ్వి ఊరుకుంది. పులిని మామ అంటారని నేను చెప్తే మాత్రం, "అయితే నానేటి దానికి అప్పనా?" అని అట్లకాడ చూపించింది.

అసలు పేచీ ఏనుగుతోనే. ఇక్కడి అడవి ఊళ్లలో దాన్ని పేరు పెట్టి పిలవరు. ఠాకూర్ అంటారు, అంటే దేవుడు. వరి తొక్కినా ఠాకూరే, గోడ కూల్చి ధాన్యం తిన్నా ఠాకూరే. సాల్ చెట్ల కింద ఊరిని కాచే దేవతకి మట్టి ఏనుగులు పెట్టి మొక్కుతారు. మేమా, ఆదివారం చర్చి మానని వాళ్లం. "దేవుడొక్కడే. ఏనుగు ఏనుగే" అంటది అమ్మ.

అన్నకి ట్రాక్‌మేన్ ఉద్యోగం వచ్చి, అడవిలో రైలు పట్టాలు చూసే గ్యాంగ్‌లో వేసినారు. ఏనుగు ఎదురైతే పరిగెత్తకు, ఠాకూర్ అని దండం పెట్టి పక్కకి నిలబడు అని గ్యాంగ్‌లోని బెంగాలీ అన్నలు మొదటి రోజే నేర్పినారట. అన్నం తింటూ అన్న ఇది చెప్పేసరికి అమ్మకి కోపం నషాళానికంటింది.

"ఆ మాట నీ నోటంట రావాల, అప్పుడు సెప్తాను! బాప్తిస్మం తీసుకున్నోడివి."

అన్న బుద్ధిగా తలూపినాడు. నాకు ఒళ్లు మండింది. "అదేటి పూజా అమ్మా, మర్యాద గానీ" అన్నాను. "నువ్వు నోర్ముయ్" అంది.

మొన్న చలికాలంలో ఓ సాయంత్రం అమ్మ ఎప్పట్లాగే అన్నకి ఫోన్ చేసింది. మోగుతుంటే ఏనుగులు బెదురుతాయని వాడు గబుక్కున ఎత్తినాడు. గుసగుసగా చెప్పినాడు: ఏనుగుల మంద పట్టాలెక్కింది, పిల్లలున్నాయి, తల్లి ఏనుగు వీళ్ల వైపే తిరిగి నిలబడింది, ఎటూ కదలడానికి లేదు.

అమ్మ గడప మీదే కూలబడింది.

"మీవోళ్లేటి సేస్తన్నారు?"

"ఠాకూర్ అని దండం పెడతన్నారు. నాను పెట్టలేదమ్మా."

"పెట్టీ నాయినా. మెల్లగా అను. దేవుడికి నాను సెప్పుకుంటాను."

ఫోన్ ఆగిపోయింది. మేమిద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాం. కాసేపటికి మళ్లీ వాడే చేసినాడు, మంద అడవిలోకి దిగిపోయిందని.

ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన అయిపోయి అందరూ లేచినారు. అమ్మ మోకాళ్ల మీదే ఉంది. అన్న వంగి, "ఇంకా ఏటి సెప్తన్నావే?" అన్నాడు.

అమ్మ కళ్లు తెరవలేదు. "నీ గురించేరా. ఉండు, ఆయనింకా ఒప్పుకోలేదు."