అడగని పాట వేసే ఖాదరన్న

నిన్న పదకొండింటికి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఖాదరన్న పోయినాడు" అన్నాడు.

ఏ ఖాదరన్న అని అడిగాను.

మాకు తెలిసిన ఖాదరన్న ఒక్కడే. అయినా అడిగాను.

పొద్దున షాపు షట్టర్ ఎత్తి, టీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయాడట. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే అయిపోయిందట. సరే అని ఫోన్ పెట్టేసి, ఆఫీసులో మిగిలిన పనంతా చేశాను. టిఫిన్ బాక్స్ ఖాళీ చేశాను. ఇంటికొచ్చి బట్టలు మడతపెట్టాను.

ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

మీలో కర్నూలు వాళ్ళకి ఆయన తెలిసే ఉంటాడు. తెలియని వాళ్ళ కోసం రాస్తున్నాను.

వన్‌టౌన్‌లో మా నాన్న కిరాణా అంగడిని ఆనుకుని ఆయన రికార్డింగ్ సెంటర్ ఉండేది. లోపల ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండదు. మనకి కావలసిన పాటల లిస్టు రాసిస్తే ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చేవాడు.

నేను ఇంటర్ చదివే రోజులు. ఆడపిల్లలు ఆ షాపు ముందు నిలబడితే మా బజార్లో బాగుండదు. అందుకని నోట్‌బుక్ పేజీ చింపి లిస్టు రాసి నాన్నకిచ్చేదాన్ని. రెండు రోజులకి నాన్న ఇంటికొస్తూ క్యాసెట్ తెచ్చేవాడు.

మొదటి క్యాసెట్‌తోనే గొడవ.

నేను రాసింది పన్నెండు పాటలు. అందులో పదమూడు ఉన్నాయి. చివర్లో ఎవరో ముసలాయన కన్నడంలో పాడుతున్నాడు. కవర్ మీద ఆ పాట పేరు కూడా లేదు. ఖాదరన్నది ఆలూరు వైపు, అక్కడ తెలుగు, కన్నడం కలిసే ఉంటాయి. అయితే మాత్రం నాకెందుకు? ఒళ్ళు మండింది. తర్వాతి లిస్టు కింద "నేను అడిగినవే వేయండి" అని రాసి, అండర్‌లైన్ కూడా చేశాను.

ఆ క్యాసెట్‌లోనూ ఒకటి వేశాడు.

చివర మూడు నాలుగు నిమిషాల టేపు మిగిలితే ఖాళీగా వదలడానికి ఆయనకి మనసొప్పేది కాదు. లిస్టు మొత్తం చూసి, ఈ మనిషికి ఇది నచ్చుతుందేమో అని తనే ఒకటి ఎంచి వేసేవాడు. నాకే కాదు, అందరికీ అంతే.

నాలుగో క్యాసెట్‌కి నేను లొంగిపోయాను. చివరి పాట బాగుందని లిస్టు కింద చిన్న అక్షరాలతో రాశాను.

"శెట్టీ, మీ పాప చెవి మంచిదప్పా" అని నాన్నతో అన్నాడట.

లెక్కల్లో అత్తెసరు మార్కులు వచ్చే పిల్లని నేను. ఆ ఒక్క మాట పట్టుకుని ఎన్ని రోజులు తిరిగానో.

తర్వాత కడపలో ఇంజనీరింగ్. హాస్టల్‌లో నెట్ దొరికింది. ఇక నా పొగరు చూడాలి. ఒక్క పాట దిగడానికి అరగంట పట్టినా, లోకంలో పాటలన్నీ నావే అన్నట్టుండేది. ఆ కన్నడ పాట కోసం మాత్రం చాలా వెతికాను, దొరకలేదు. పేరే తెలియనిదాన్ని ఏమని టైప్ చేస్తాం?

సెలవులకి వెళ్ళినప్పుడు ఖాదరన్నకి నేనే క్లాసు పీకాను. క్యాసెట్ల పని అయిపోయిందన్నా, కంప్యూటర్ కొను, నెట్ పెట్టించుకో, ఎంపీత్రీ సీడీలు చేసివ్వు అని. డౌన్‌లోడ్ చేయడం కూడా నేనే నేర్పాను.

విన్నాడు పాపం. కొన్నాడు.

కానీ ఒక్క సీడీకి రెండు రోజులు తీసుకునేవాడు. అందులో పట్టే నూటయాభై పాటలూ మొదటి నుంచి చివరిదాకా విని, ఆ తర్వాతే రైట్ చేసేవాడు. క్యాసెట్ రికార్డ్ చేసినంతసేపూ వింటూ కూర్చున్న అలవాటు మరి. అంత అక్కర్లేదన్నా, కాపీ కొట్టి ఇచ్చెయ్ అన్నాను.

"వినకుండా ఎట్లిచ్చేదమ్మా? సగంలో తెగిపోయింటే?"

ఎదురు షాపులో పది నిమిషాల్లో చేతిలో పెట్టేవాళ్ళు. జనం అటే పోయారు.

నేను దీన్ని హాస్టల్‌లో జోకులాగా చెప్పి అందరినీ నవ్వించాను. ఈ పోస్ట్ చదివేవాళ్ళలో అప్పుడు నవ్వినవాళ్ళు ఉన్నారు. మిమ్మల్నేం అనట్లేదు. చెప్పింది నేను.

మొన్న వేసవిలో చివరిసారి చూశాను. రీచార్జ్ కార్డులు అమ్ముతున్నాడు. కంప్యూటర్ మీద దుప్పటి కప్పి ఉంది. నా కొత్త ఫోన్‌లో ఎన్ని పాటలు పట్టాయో గొప్పగా చూపించాను. ఇయర్‌ఫోన్ ఒక చెవిలో పెట్టుకుని ఒక పాట మొత్తం విన్నాడు. రీచార్జ్ కోసం వచ్చినాయన అలాగే నిలబడి ఉన్నాడు.

"శానా ఉండాయమ్మా. వీటిల్లో ఏవి వింటాండావు?" అన్నాడు.

నిజానికి నేనేమీ వినట్లేదు. ఒకటి మొదలుపెట్టడం, పల్లవి అయ్యేలోపే నెక్స్ట్ నొక్కడం.

"మళ్ళీ ఒక లిస్టు రాసియ్యమ్మా. చివర్లో ఏం వెయ్యాల్నో నేను చూసుకుంటా."

ఆదివారం తమ్ముడితో పంపిస్తానన్నాను.

పంపలేదు. బిజీ అని కూడా చెప్పుకోలేను. రాయలేదు, అంతే.

ఇవాళ ఈ పోస్ట్‌తో పాటు ఆయనకి ఇష్టమైన పాట ఒకటి పెడదామనుకున్నాను. అందరూ అలాగే చేస్తారు కదా. వెతకడానికి కూర్చున్నాక తెలిసింది, ఆయనకి ఏ పాట ఇష్టమో నాకు తెలియదని. ఆయన కూతురు షబానాకి ఫోన్ చేశాను.

"మా అబ్బా ఇంట్లో పాటలు పెట్టేవాడు కాదక్కా. మాకూ తెలీదు" అంది.

ఇన్నేళ్ళూ నాకేం నచ్చుతుందో ఆలోచించిన మనిషిని, నీకేం ఇష్టమన్నా అని ఒక్కసారి కూడా అడగలేదు.

అందుకే పాట లేకుండానే పోస్ట్ చేస్తున్నాను.

వెళ్ళిరా ఖాదరన్నా. నువ్వున్న చోట నీకు నెమ్మది దొరకాలి.