కిరసనాయిల్లో ఉబ్బిన రబ్బరు

డెబ్బైల్లో పెట్రోలు ధర మండిపోయిన రోజుల్లో, మా తిరువూరు చుట్టుపక్కల కొందరు పాత పెట్రోలు జీపుల్లో డీజిల్ ఇంజన్లు బిగించి అద్దెకు తిప్పడం మొదలుపెట్టారు. నేనూ, మా అక్క భర్త, అంటే మా బావా కలిసి అలాంటి బండి ఒకటి చేయించాం. అప్పటిదాకా నేను ఊళ్లో ఒకాయన లారీ తోలేవాణ్ణి. ఒకరి చేతి కింద కాకుండా సొంత బండి తోలుకోవాలన్నదొక్కటే నా ఆశ. దానికి అడ్డుపడింది పిడికెడు రబ్బరు.

డీజిల్ ఇంజను కుదుపు మామూలుది కాదు. ఇంజనుకూ చాసిస్‌కూ మధ్య ఆ కుదుపు మింగే రబ్బరు బుష్షులు ఉండాలి. బెజవాడలో పాత సామాన్ల కొట్లన్నీ తిరిగాను.

"ఏ బండికండీ?" అని అడిగేవాళ్లు. ఏమని చెప్పను? చాసిస్ ఒకదానిది, ఇంజను ఇంకోదానిది, మధ్యలో బ్రాకెట్లు మా ఊరి వెల్డరువి. కొందరు మొహం మీదే నవ్వారు. లారీ టైరు కోసి ముక్కలు పెట్టి చూశాను. గంపలగూడెం చేరేసరికి ఎక్కినవాళ్ల పళ్లు కటకటలాడాయి. ట్రాక్టరువి పెడితే మరీ మెత్తన. బ్రేకు వేస్తే ఇంజను ముందుకు ఊగి ఫ్యాను రేడియేటరుకు తగలబోయేది. చివరికి ఒక లారీ క్యాబిను కింది రబ్బర్లు దొరికాయి, గోటితో నొక్కితే దిగీదిగనట్టున్నవి. ఆ కొట్లో అవే ఆఖరివి. కత్తి సబ్బునీళ్లలో ముంచుకుంటూ సైజుకు చెక్కి బిగించాను. విస్సన్నపేట దాకా బండి ఎంత నిమ్మళంగా వెళ్లిందో! ఆ రోజు నా అంతవాడు లేడనుకున్నాను.

మా బావకు శుభ్రం పిచ్చి. శుక్రవారం వస్తే బానెట్టు ఎత్తి, కిరసనాయిలుతో ఇంజనంతా కడిగి, పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టేవాడు. పూజను నేనెందుకు కాదంటాను? కానీ ఆ కిరసనాయిలంతా కారి రబ్బర్ల మీదే పడేది. కొన్నాళ్లకు అవి మెత్తబడుతున్నట్టు అనుమానం వచ్చింది. చెక్కగా మిగిలిన ముక్కను కిరసనాయిల్లో నానబెట్టి, మర్నాడు అమ్మకు చూపించాను. అమ్మ వేళ్లతో నొక్కి చూసింది.

"నిజమేరా, బూరెలా ఉబ్బిపోయింది," అంది.

"నువ్వు చెప్పమ్మా బావకి. నీ మాటైతే కాదనడు."

"అల్లుడికి నేను చెప్పడమేంటిరా? ఎక్కడన్నా ఉందా?"

అక్కను అడిగితే కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇక నేనే నోరు తెరిచాను.

"బావా, కిరసనాయిలు వద్దండీ. రబ్బర్లు పాడైపోతున్నాయి."

"ఏం బావమరిదీ, బండి నీ ఒక్కడిదేనా?" అని నవ్వాడు. ఆ శుక్రవారం ఇంకాస్త ఎక్కువే పోశాడు. మా ఇళ్లల్లో అల్లుడికి అడ్డుచెప్పే నోరు ఇంకా పుట్టలేదు.

కొద్దిరోజులకే వినగడప దారిలో రబ్బరు తెగి ఇంజను ఒరిగింది. ఫ్యాను రేడియేటరును చీల్చేసింది. నీళ్లన్నీ పోయి, నేను ఆపేలోపే ఇంజను కాగిపోయి బిగుసుకుపోయింది. ఎడ్లు కట్టి బండిని ఇంటికి లాక్కొచ్చాం.

మర్నాడు మా అరుగు మీద, చుట్టాలందరి ముందూ బావ తీర్పు చెప్పాడు.

"రబ్బరు ఎంచుకోవడం కూడా చేతకానివాడితో పొత్తు పెట్టుకున్నాను చూడండి, నాదీ బుద్ధి తక్కువ. బండి అమ్మేద్దాం."

నేను అమ్మ వైపు చూశాను. ఉబ్బిన రబ్బరును తన చేత్తో నొక్కి చూసిన మనిషి. ఒక్క మాట అంటే చాలు. అమ్మ మంచినీళ్ల చెంబు ఆయన ముందు పెట్టింది.

"అవును బాబూ, వాడికి చేతకాలేదు," అంది.

జీపు తుక్కు కింద పోయింది. నేను మళ్లీ ఆ పాత లారీకే డ్రైవరుగా కుదిరాను. బయల్దేరే పొద్దున అమ్మ అన్నం క్యారేజీ పట్టుకుని వీధి గుమ్మంలోకి వచ్చింది.

"అక్క కాపురం కదరా. ఏం చెయ్యమంటావు?" అంది.

"నన్ను కన్నదీ నువ్వేగా అమ్మా," అన్నాను. క్యారేజీ అందుకోకుండానే వెళ్లి లారీ ఎక్కాను.