పిలవకుండా తిరిగెళ్ళిన బేరం

కొనదలుచుకున్న సరుకు వైపు కన్నెత్తి చూడకూడదని మా నాన్న నాకు ఓనమాలకన్నా ముందు నేర్పాడు. బెల్లం కావాలంటే ముందు చింతపండు ధర అడగాలి. తర్వాత బెల్లం దిమ్మని ఏదో పొరపాటున చూసినట్టు చూసి, "ఇదేందయ్యా, ఇంత నల్లగుంది" అనాలి. వాడు ధర చెప్పగానే లేచి, భుజం మీద కండువా దులుపుకొని నడవాలి. గడప దాటి మూడో అడుగు వేసేలోపు వాడు పిలుస్తాడు. పిలవలేదంటే వాడు చెప్పింది నిజమైన ధరన్నమాట. అప్పుడు పక్క కొట్టుకి పోవాలేగాని, చచ్చినా వెనక్కి తిరగకూడదు. పిలవకుండా తిరిగొచ్చిన బేరగాడికి కొట్టువాడు చెప్పిందే వేదం.

మాచర్లలో మాది కిరాణా కొట్టు. గుంటూరు నుంచి వచ్చే రైలు మా ఊళ్ళో ఆగిపోతుంది, ఆపైన పట్టాలు లేవు. సాగర్ డ్యాము కడుతున్న రోజులవి. మేస్త్రీలు, కూలీలు, లారీలవాళ్ళు, కొట్టు ముందు కాలు పెట్టే సందు ఉండేది కాదు. అట్లాంటి సమయంలో, ఉన్న ఒక్క కొడుకు నరసరావుపేటలో బియస్సీ పాసై వచ్చి, గుంటూరు మెడికల్ కాలేజీలో పెథాలజీ సహాయకుల శిక్షణకు దరఖాస్తు పెడతానంటే, మా నాన్న కాసేపు విననట్టే పప్పు తూచాడు. కొన్నవాడు వెళ్ళాక అడిగాడు.

"అంటే ఏందిరా అది?"

"ఆపరేషన్లో కోసి తీసినవాటిని పరీక్ష చేసి, జబ్బేందో చెప్తారు నాన్నా. డాక్టరు చూసే ముందు వాటిని కొలిచి, తూచి, ఎట్టా ఉన్నాయో రాసి, ముక్కలు కోసి సిద్ధం చేసే మనిషి కావాలి. డిగ్రీ ఉన్నోళ్ళకి రెండేళ్ళు నేర్పుతారు."

"తూచడానికి అంత దూరం పోవాలా? ఇక్కడ తక్కెడ లేదా?"

లోపల్నుంచి నాయనమ్మ వచ్చింది. ఉల్లిపాయ కూడా గడప దాటనివ్వని మనిషి. నేను కాలేజీలో కప్పల్ని కోశానన్న సంగతి మూడేళ్ళపాటు ఆమె దగ్గర దాచగలిగాను. ఇది మాత్రం దాగేది కాదు.

"మాంసం తూస్తావంటగా?"

"తినడానికి కాదు నాయనమ్మా."

"మరీ దరిద్రం. తినేవాడికైనా ఒక అర్థముంది."

రెండు రోజులు బేరం నడిచాక నాన్న ఒక మాటకొచ్చాడు. "ఒక్కసారంటే ఒక్కసారి. పో, అడుగు. ఇస్తే నేర్చుకో. ఇవ్వకపోతే శ్రావణమాసం నుంచి గల్లాపెట్టె తాళం నీ మొల్లో ఉంటది. మళ్ళీ ఆ ఊసెత్తగూడదు." చెయ్యి చాపాడు. చేతిలో చెయ్యి వేశాను. మా ఇంట్లో కాగితాలు అబద్ధమాడొచ్చేమోగాని, చేతిలో చెయ్యి వేశాక మాట తిరగడమన్నది లేదు. ఆ సీటు రాకపోతే నా బతుకంతా ఆ గల్లాపెట్టె వెనక, ఆ చింతపండు వాసనలో, కొట్లో కూర్చునే ఆ పరుపు మీదే.

నాకది ఎందుకు కావాలో నాన్నకి చెప్పలేదు. కావలసిన సరుకు ఎందుకు కావాలో ఎవరన్నా చెప్తారా?

నా పదకొండో ఏట మా అమ్మకి కడుపులో గడ్డ లేస్తే ఆసుపత్రిలో తీసేశారు. అందులో ఒక ముక్కని పరీక్షకు పంపామన్నారు. జవాబు కాగితం వచ్చేసరికి అమ్మ పోయి పదిహేను రోజులైంది. పోస్టుమాను ఇచ్చిన కవరుని నాన్న డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, ఆయన చదివి, "ఇప్పుడింక దీంతో పనిలేదయ్యా" అని మడిచి ఇచ్చాడట. ఆ ముక్క ఎక్కడికి పోయింది, దాన్ని ఎవరు చూశారు, అన్నాళ్ళు ఎందుకు పట్టింది అని నేను చాలాకాలం ఆలోచించాను. పైకి అడగలేదు. అడగదగ్గ ఇల్లు కాదు మాది.

దరఖాస్తుకి సత్ప్రవర్తన సర్టిఫికెట్ కావాలన్నారు. చిన్నప్పుడు నాకు సైన్సు చెప్పిన మిషన్ స్కూలు మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆదివారం చర్చి నుంచి అప్పుడే వచ్చి తెల్ల చొక్కా విప్పకుండా కుర్చీలో కూర్చున్నాడు.

"నిజం రాయమంటావా, సర్టిఫికెట్ రాయమంటావా?" అన్నాడు.

"సర్టిఫికెటే మాస్టారూ."

రాసి, సంతకం పెట్టి, సిరా ఆరేదాకా కాగితం చేతిలోనే పట్టుకున్నాడు. "ఒక్క మాటరా. అక్కడ బేరమాడబాక. అది కొట్టు కాదు."

"అయ్యో, నాకు తెలవదా మాస్టారూ."

తెలుసుననే అనుకున్నాను.

తెల్లవారుజామునే రైలెక్కాను. పిడుగురాళ్ళలో సున్నం బట్టీల పొగ చూసేదాకా ధైర్యంగానే ఉన్నాను. సత్తెనపల్లి దాటాక చెప్పాల్సిన జవాబులన్నీ పెసరపప్పులో రాళ్ళలాగా ఏరుకోవడం మొదలుపెట్టాను.

కాలేజీలో ఆ విభాగం వెనకవైపు ఉంది. ముక్కు దారి చూపించింది. గది బయట బల్ల మీద ఆరుగురం కూర్చున్నాం. ఉన్నది ఒక్క ఖాళీ. నా వంతు రాగానే బంట్రోతు తలుపు తీశాడు. లోపల చుట్టూ అరల్లో గాజు జాడీలు. మా కొట్లో పిప్పరమెంట్లు పోసే సీసాల్లాగే ఉన్నాయి. లోపలున్నవి మాత్రం వేరు. బల్ల వెనక పెద్ద డాక్టరు, చేతిలో నా దరఖాస్తు. ఆయన ముందు ఒక తెల్ల పళ్ళెంలో నీళ్ళోడుతూ ఒక కాలేయం.

"ఇది తూచి బరువు రాయి" అన్నాడు. అంతే. పేరు కూడా అడగలేదు.

పక్కనే త్రాసు, రాళ్ళు ఉన్నాయి. మేము వీశెలు, సేర్లు వదిలి కిలోలకి మారిన కొత్త. అయినా తక్కెడ తక్కెడే. చెయ్యి తనంతట తాను చేసే పని చేసింది. ముందు ఖాళీ త్రాసుని ఎత్తి చూశాను. ఒక చిప్ప రవ్వంత కిందికి వాలింది. తేలిగ్గా ఉన్న చిప్పలో బల్ల మీదున్న రబ్బరు బిరడా ఒకటి వేశాను. ముల్లు నిలబడింది. అప్పుడు కాలేయం పెట్టి, తూచి, రాసిచ్చాను.

"ఆ బిరడా ఎందుకు?"

"పాసంగమండి. చిప్పలు రెండూ సమంగా లేవు. అది వెయ్యకుండా తూస్తే ప్రతిదానికీ తేడా వస్తది."

డాక్టరు కళ్ళద్దాలు తీసి త్రాసు వైపు చూశాడు. "పొద్దుట్నుంచి నలుగురు తూచారు" అన్నాడు నెమ్మదిగా. "ఒక్కడూ ఖాళీగా ఎత్తి చూళ్ళేదు. కూర్చో."

అక్కడే నా కొంప మునిగింది. కూర్చోమన్నాడంటే సరుకు ఆయనకు నచ్చింది. కొనేవాడి కళ్ళల్లో మెరుపు కనపడ్డాక ఊరికే ఇచ్చేవాడు మా వంశంలో పుట్టలేదు. మాస్టారు చెప్పిన మాట అప్పటికే నా చెవుల్లోంచి దిగి పిడుగురాళ్ళ దాకా పోయింది.

"రెండేళ్ళ శిక్షణ. తర్వాత మూడేళ్ళు ఇక్కడే పనిచేస్తానని బాండు రాయాలి. మొదటి ఆరు నెలలు జాడీలు కడగడం, సామాను చూసుకోవడం" అన్నాడు డాక్టరు.

"మూడేళ్ళు చానా ఎక్కువండి" అన్నాను. "ఒక ఏడాదికి చూడండి."

ఆయన నా దరఖాస్తు మళ్ళీ తిరగేశాడు. నేను దాన్ని మెత్తబడడం అనుకున్నాను. ఆ పనికి వంకలు పెట్టడం మొదలుపెట్టాను. ఈ వాసనకి మంచి కుటుంబాలవాళ్ళు ఎవరు వస్తారండీ అన్నాను. జాడీలు కడగడానికి డిగ్రీ ఎందుకండీ అన్నాను. నడికుడి దగ్గర సున్నం ఫ్యాక్టరీవాళ్ళు కెమిస్టుగా రమ్మని కబురు మీద కబురు పెడుతున్నారని కూడా చెప్పాను. ఆ ఫ్యాక్టరీ గేటు కూడా నేనెప్పుడూ చూడలేదు.

"అయితే ఇక్కడికెందుకు వచ్చావు?" అన్నాడాయన. కోపంగా కాదు, తెలుసుకోవాలన్నట్టే. "దరఖాస్తులో ప్రజాసేవ అని రాశావు. అది అందరూ రాస్తారు. నువ్వెందుకొచ్చావు?"

అమ్మ కాగితం నాలిక చివరికొచ్చింది. మింగేశాను. "ఊరికే, చూసిపోదామనండి" అన్నాను. సర్టిఫికెట్లు సర్దుకొని, గొడుగు తీసుకొని, "సరేనండి, వస్తాను" అని లేచాను.

ఆ గది పొడవు నాకిప్పటికీ తెలుసు. జాడీలు చూస్తున్నట్టు నటిస్తూ నెమ్మదిగా నడిచాను. తలుపు దాకా వచ్చాను. గడప దాటాను. ఒక అడుగు. రెండు. మూడో అడుగుకోసం కాలెత్తి కాస్సేపు గాల్లోనే ఉంచాను.

లోపల గంట మోగింది. "నెక్స్ట్" అన్నారు.

నా తర్వాత ఉన్నవాడు, నూనె రాసి పాపిడి తీసుకున్న బుద్ధిమంతుడు, నన్ను తప్పించుకొని లోపలికి పోయాడు. తలుపు పడింది.

పిలవకపోతే పక్క కొట్టుకి పోవాలి. ఆ క్షణాన నాకు తెలిసిందేమిటంటే, ఈ సరుకుకి పక్క కొట్టు లేదు. శ్రావణమాసం పద్దెనిమిది రోజుల్లో ఉంది. నాన్న చేతిలో వేసిన నా చెయ్యి ఇంకా వెచ్చగానే ఉన్నట్టుంది.

లోపలున్నవాడు బయటికి రాగానే తలుపు దగ్గరికి పోయాను. బంట్రోతు చెయ్యి అడ్డం పెట్టాడు. "నీదైపోయిందిగా?"

"గొడుగు మర్చిపోయానయ్యా."

"నీ చంకలో ఉన్నదేంది మరి?"

చంకలో గొడుగే ఉంది. వాడు నవ్వాడు. ఆ నవ్వే నన్ను కాపాడింది. నవ్వేవాడి చెయ్యి గట్టిగా ఉండదు, తప్పుకుని లోపలికి దూరాను.

డాక్టరు తలెత్తాడు. పిలవకుండా తిరిగొచ్చాను కాబట్టి ఇక దాచడానికి నా దగ్గరేమీ లేదు. నిలబడే చెప్పాను. అమ్మ, గడ్డ, పంపిన ముక్క, పదిహేను రోజులు ఆలస్యంగా వచ్చిన కాగితం. సున్నం ఫ్యాక్టరీ అబద్ధమని కూడా చెప్పాను. నా ఇరవయ్యేళ్ళ జీవితంలో కొసరు లేకుండా మాట్లాడింది ఆ కాస్సేపే.

ఆయన నా దరఖాస్తు దగ్గరికి లాక్కొని పెన్సిలు తీశాడు. "మూడేళ్ళ బాండు" అన్నాడు.

"అట్టాగేనండి."

"ఆరు నెలలు కాదు. ఏడాదంతా జాడీలు కడగాలి."

అంటే ధర పెరిగింది! మా నాన్న ఉంటే అక్కడే మూర్ఛపోయేవాడు. "అట్టాగేనండి" అన్నాను.

సాయంత్రానికి మాచర్ల దిగి కొట్టుకి వెళ్ళాను. నాన్న ఎవరికో నూనె పోస్తున్నాడు. నా మొహం చూసి సంగతి గ్రహించాడు.

"వాళ్ళెంతన్నారు?"

"బాండు మూడేళ్ళు."

"ఎంతకి తెగింది?"

"మూడేళ్ళకే. పైగా ఆరు నెలలు కడగమన్న జాడీలు ఏడాది కడగాలి."

గరాటా పట్టుకున్న చెయ్యి ఆగింది. "అమ్మా!" అని లోపలికి కేకేశాడు. "విన్నావా? నీ మనవడు వాళ్ళు చెప్పినదానికన్నా ఎక్కువకి కొనుక్కొచ్చాడు!" మాంసం సంగతి, మైల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ అప్రతిష్ఠ ముందు అవి చిన్నవైపోయాయి. "ఎట్టా పోయిందిరా బేరం?" అన్నాడు నా వైపు తిరిగి.

"పిలవకుండా తిరిగెళ్ళాను నాన్నా."

"ఎందుకు?"

చెప్పాను. నాన్న నూనె పోయడం ముగించి, వచ్చినవాడికి సీసా ఇచ్చి పంపాడు. తర్వాత గల్లాపెట్టె అడుగు పలక లేపి, పసుపురంగుకి తిరిగిన ఒక కవరు తీసి నా చేతిలో పెట్టాడు. తొమ్మిదేళ్ళుగా అది ఆ పలక కిందే ఉందని నాకు తెలియదు.

"ఇంగిలీషులో ఉంది. ఇప్పుడు చదవబాక, నీకేం తెలుస్తది. రెండేళ్ళు నేర్చుకున్నాక చదివి, దాన్లో ఏముందో నాకు చెప్పు. ఇది నా బాండు."

రెండేళ్ళు దాన్ని ట్రంకుపెట్టె అడుగున ఉంచాను. శిక్షణ అయిన వారానికి ఇంటికొచ్చి, కొట్లోనే, పరుపు మీద ఆయన పక్కన కూర్చొని విప్పాను. నాలుగు వరుసలు. ప్రతి మాటా అర్థమైంది. ఆయన నా మొహంకేసి చూడలేదు, తక్కెడ తుడుస్తున్నాడు.

"పదిహేను రోజులు ముందొచ్చినా చేసేదేమీ లేదు నాన్నా" అన్నాను.

కాగితంలో అంత గట్టిగా రాయలేదు, వేళకి అంది ఉంటే కాస్త ఆశ ఉండేదేమో. రాసినదాంట్లోంచి కొంత తగ్గించి చెప్పాను. ఆయన తల ఊపి, ఇంకొకసారి అడగకుండా, చెప్పినదానికే తీసుకున్నాడు.