ఊయలలో పెట్రోలు ట్యాంకు

మా చిన్నమ్మ పోయిన కబురు నాకు ముందుగా చెప్పింది రొయ్యలక్క. చిన్నమ్మ వాళ్ళ పక్కింట్లో ఉంటూ, రేవులో రొయ్యలు కొని వీధుల్లో అమ్ముకునే మనిషి. పేరు వేరే ఉంది గానీ నేనెరిగినప్పటి నుంచీ రొయ్యలక్కే. ఫోనులో ఎప్పుడూ అరిచి మాట్లాడే ఆవిడ ఆ మధ్యాహ్నం మెల్లగా మాట్లాడింది. "మీ చిన్నమ్మ పొద్దున నమాజు చేసుకొని అట్నే చాప మీద ఒరిగిపొయ్యింది మే. అలిసి పడుకోనుండాదేమో అనుకున్నా" అంది. మనం అల్లా వాళ్ళమే, ఆయన దగ్గరికే తిరిగి పోవాలి అని చావు కబురు విన్నప్పుడు మేము చెప్పుకునే మాట ఒకటుంది. అది చెప్పుకుంటూ కళ్ళు మూసుకున్నాను. అప్పుడు నా కళ్ళ ముందుకొచ్చింది చిన్నమ్మ ముఖం కాదు. చీర ఊయలలో పడుకోబెట్టిన ఒక మోటారుసైకిలు పెట్రోలు ట్యాంకు.

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి లోకంలో లేదనుకునేదాన్ని. అప్పటికి పదిహేడేళ్ళు. చిన్నప్పటి జబ్బు వల్ల నన్ను బడికి పంపలేదు. మా నాన్నే ఇంట్లో కూర్చోబెట్టి ఖురాను, తెలుగు, లెక్కలు, కొంచెం సైన్సు చెప్పారు. (పరీక్ష రాయని చదువులో ఒక సుఖముంది. తప్పని ఎవరూ అనరు.) అట్లాంటి విద్వాంసురాలిని, మా చిన్నాన్న పోయినప్పుడు చిన్నమ్మకు తోడుగా విడవలూరు అవతల సముద్రం పక్కనున్న ఆ ఊరికి పంపారు. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పైచిలుకు గడప దాటకుండా ఉండటం మాలో ఆచారం. ఆ గడువు తీరేదాకా బయటి పనులకు నేను, లోపలి పనులకు మా అవ్వ. అవ్వ అంటే చిన్నమ్మకు కన్నతల్లి.

చిన్నాన్న గాజుల వ్యాపారి. మోటారుసైకిలుకు అటొకటి ఇటొకటి చెక్కపెట్టెలు కట్టుకుని బస్సు పోని పల్లెలన్నీ తిరిగేవాడు. చివరి ఏడాది జబ్బుపడి మంచం దిగలేదు. ఆ ఏడాదంతా బండి పెరట్లో తాటాకుల పంచ కింద ఉప్పుగాలికి నిలబడిపోయింది. ఆయన పోయాక మెకానిక్కు వచ్చి మూత తీసి, టార్చి వేసి చూసి, "ఇంజను బాగానే ఉండాది. ట్యాంకు లోపల మాత్రం తుప్పు పొరలు పొరలుగా ఉండాది. ఈ పాత బండికి వేరే ట్యాంకు యాడా దొరకదు" అని వెళ్ళిపోయాడు.

చిన్నాన్న అన్నగారు, మేం గూడూరు పెదనాన్న అనేవాళ్ళం, నిమ్మకాయల వ్యాపారి. చెడ్డవాడు కాదు. వచ్చినప్పుడల్లా అరబస్తా నిమ్మకాయలు దించేవాడు. వరండాలో కుర్చీ వేసుకుని ఆయన, పరదా వెనక చిన్నమ్మ, మధ్యలో టీ గ్లాసుతో నేను. "అమ్మా, గడువు తీరంగానే గూడూరు వచ్చెయ్. మా ఇంట్లో ఒక గది నీది. బండి పాత ఇనుమోడికి చెప్పినా. ఈ ఇల్లు అద్దెకిచ్చేద్దాం" అన్నాడు.

"బండి అమ్మొద్దు బావా. దాంతోనే నేను గాజులు అమ్ముకుంటా, ఈ ఇంట్లోనే ఉంటా" అంది పరదా.

"తోలేదెవురమ్మా?"

"నేనే."

అవ్వకు తాగుతున్న టీ పొలమారింది. చిన్నాన్న రోజూ తెల్లవారుజామున చిన్నమ్మను వెనక కూర్చోబెట్టుకుని సముద్రపు ఒడ్డుకు పోయేవాడని అందరికీ తెలుసు. గాలికి తీసుకుపోతున్నాడనుకున్నాం. అక్కడ తడి ఇసుక మీద ఆయన వెనక కూర్చుని ఆమె చేత తోలించేవాడని ఆ రోజే తెలిసింది. పెదనాన్న నా చేతిలోని టీ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాడు. తర్వాత నవ్వి, "సరే. గడువు తీరిన రోజున నేనొస్తా. ఆ బండి నా ముందర గుర్రుమంటే గూడూరు మాట ఇంకెత్తను. లేకుంటే నువ్వు ఏడవకుండా సామాను సర్దుకోవాల" అన్నాడు. బండి కదలదని ఆయనకు గట్టి నమ్మకం.

మర్నాడు నేను పానా పట్టుకుని ట్యాంకు ఊడదీశాను. (ఊడదీశానని గొప్పగా రాస్తున్నాను గానీ, సగం మరలు పోయాక అదే నా కాళ్ళ మీద పడింది.) లోపల మిగిలిన పెట్రోలు కషాయంలా ఉంది. వంపేసి, సబ్బునీళ్ళతో కడిగి, అడుగున ట్యాపు బిగించే రంధ్రానికి సైకిలు ట్యూబు ముక్క కట్టి, చిన్నమ్మ గదిలోకి మోసుకొచ్చాను. ఆమె బయటికి రాకూడదు కాబట్టి ట్యాంకే లోపలికి వచ్చింది. చెంబు తోమేటప్పుడు నిమ్మచెక్క ఏం చేస్తుందో ముగ్గురికీ తెలుసు. పెదనాన్న తెచ్చిన కాయలన్నీ కోసి పిండాం. వేళ్ళు మంటలెత్తాయి. అవ్వ కంట్లో రసం చిమ్మింది. "అల్లుడు బతికున్నన్నాళ్ళూ ఈ బండి నాకు కుదురు లేకుండా చేసింది, ఇప్పుడూ చేస్తా ఉండాది" అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ నీళ్ళు నిమ్మరసానివే అనుకున్నాను.

రసం పోశాక, లోపల గీకడానికి ఏదైనా గరుకైనది వేసి ఊపాలన్నాను. అక్కడే నా సైన్సు బయటపడింది. సముద్రం పక్కన ఉన్నవాళ్ళకి గరుకైనవి వెతుక్కోవాలా? ఒడ్డుకు పోయి చిన్న చిన్న గవ్వలు, ఆల్చిప్పలు కొంగునిండా ఏరుకొచ్చి ట్యాంకులో పోశాను. కాసేపటికి లోపల ఎవరో గుసగుసలాడుతున్నట్టు చప్పుడు మొదలైంది. మూతిలోంచి నురగ లేచింది. గోధుమ రంగు నురగ, పొంగి, ట్యాంకు మీదుగా జారి, చాప మీదికి పాకింది.

"లోపల ఏందో ఉండాదే. లేచి బయటికొస్తా ఉండాది" అంటూ అవ్వ తెలిసిన దువాలన్నీ చదువుకుంటూ మంచమెక్కింది. నేను అరచేత్తో మూతి మూయబోయాను. నురగ నా ముఖం మీదికి చిమ్మింది. చిన్నమ్మ మమ్మల్నిద్దర్నీ చూసి నవ్వింది. చిన్నాన్న పోయాక అదే మొదటిసారి. గోడకానుకుని, ఊపిరందక నవ్వి, ఉన్నట్టుండి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఆయన ఉండుంటే..." అని, అక్కడితో ఆపింది. నేను నురగ తుడవడంలో మునిగిపోయినట్టు తల వంచుకున్నాను.

గవ్వల్లో ఉండేది సున్నమనీ, నిమ్మపులుపంతా దాన్ని కరిగించడానికే ఖర్చయిపోయిందనీ తర్వాత మా నాన్నకు ఫోను చేస్తే చెప్పారు. ("అది నీకు చెప్పానే" అని కూడా అన్నారు.) తుప్పు చెక్కుచెదరలేదు. ఇక పెదనాన్న మళ్ళీ వచ్చేదాకా ఆగాలి. వచ్చినప్పుడు, "కాయలన్నీ ఏం చేసినారు? పచ్చడి పెట్టినారా?" అన్నాడు. "ఇంకో అరబస్తా కావాల పెదనాన్నా" అన్నాను. ఆయన నన్ను వింతగా చూసి, మర్నాడే పంపించాడు. ఆయన పెద్ద మనసుకు ఈనాటికీ కృతజ్ఞురాలిని.

ఈసారి గవ్వలు మానేసి పాత నట్లు, మరలు వేశాం. నిండిన ట్యాంకును చేతులతో ఎంతసేపని ఊపుతాం? ముగ్గురికీ భుజాలు పడిపోయాయి. ఆ గదిలో దూలానికి ఒక ఇనుప కొక్కెం ఉండేది. పెళ్ళయిన ఏడాది చిన్నాన్న ముచ్చటపడి ఊయల కోసం బిగించాడు. బిగించిన నాటి నుంచీ అది ఖాళీ. నాకూ అవ్వకూ చూపు దాని మీదికి పోయి, ఇద్దరం వెంటనే దించుకున్నాం. చిన్నమ్మే లేచి, పెట్టెలోంచి పాత చీర తీసి, కుర్చీ వేసుకుని కొక్కేనికి కట్టింది. "ఊరికే ఉండాది గదా. ఉండనీ, దీనికైనా పనికొచ్చింది" అంది. ట్యాంకును బొంతలో చుట్టి అందులో పడుకోబెట్టి ఊపడం మొదలుపెట్టాం. ప్రతి నమాజు తర్వాత పక్కకు తిప్పేవాళ్ళం. గలగలమని ఇల్లంతా మోత.

ఆ మోతకు రొయ్యలక్క గంప దించి కిటికీలోంచి తొంగిచూసింది. చిన్నమ్మ కింద కూర్చుని, ఒక చేత్తో తస్బీ పూసలు తిప్పుకుంటూ, ఇంకో చేత్తో ఊయల ఊపుతోంది.

"ఎవురి బిడ్డమ్మా?" అంది రొయ్యలక్క.

"నా బిడ్డే అక్కా."

అక్క చెయ్యి లోపలికి పెట్టి చీర పక్కకు జరిపి చూసింది. ఆమె తెలివిగలది, ఏమిటని అడగలేదు. "శానా బరువుండాడే" అంది.

"వాళ్ళ నాయన పోలిక" అంది చిన్నమ్మ.

ముగ్గురం నవ్వబోయాం. నవ్వు రాలేదు. రొయ్యలక్క ఒక గుప్పెడు రొయ్యలు కిటికీలో పెట్టి వెళ్ళిపోయింది.

ఆఖరుకు వంపితే తుప్పంతా ఎర్రటి బురదలా దిగింది. వంటసోడా నీళ్ళతో పులుపు విరిచాం. బోరు నీళ్ళు ఉప్పని, అవ్వ తాగే నీళ్ళ బిందెలే తెచ్చి ఇచ్చింది. కడిగి, ఎండలో బాగా ఆరబెట్టి, మళ్ళీ తుప్పు పట్టకుండా లోపలంతా ఇంజను ఆయిలు తిప్పాం. చిన్నమ్మ మూతిలోంచి చూసి, "తెల్లగా ఉండాది. అల్లా దయ" అంది, అంతే.

గడువు తీరిన రోజున ట్యాంకు మళ్ళీ బండికి బిగించి పెట్రోలు పోశాను. పెదనాన్న వచ్చాడు. చిన్నమ్మ తెల్లచీర కొంగు దోపుకుని పెరట్లోకొచ్చి కిక్కు కొట్టింది. కొట్టింది. పెదనాన్న నేల చూస్తున్నాడు. నాకు దువాలన్నీ మరిచిపోయి "దేవుడా, దేవుడా" అన్నది ఒక్కటే మిగిలింది. దగ్గి, పొగ కక్కి, బండి అందుకుంది. ఆ చప్పుడుకు పెదనాన్న గోడవైపు తిరిగి నిలబడ్డాడు. "తమ్ముడొచ్చినట్టుండాది" అన్నాడు. గాజుల పెట్టెలు బండికి కట్టింది ఆయనే.

మొదటి పల్లెకు నేను వెనక కూర్చుని వెళ్ళాను. చప్పుడు వినగానే ఆడవాళ్ళు ఇళ్ళలోంచి పరుగున వచ్చారు, గాజులన్న వచ్చాడనుకుని. తోలుతున్నది ఎవరో చూసి ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. చిన్నమ్మ బండి ఆపి పెట్టె తెరిచింది. ఆమె చేతులు బోడిగా ఉన్నాయి. ఎవరూ దగ్గరికి రాలేదు. చివరికి ఒక ముసలమ్మ వచ్చి అరుగు మీద కూర్చుని చెయ్యి చాపింది. చిన్నమ్మ ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, వేళ్ళు మెల్లగా నొక్కి, పచ్చగాజులు ఒక్కొక్కటే ఎక్కించింది. ఎక్కిస్తున్నంతసేపూ ఆమె కన్నీళ్ళు ఆ ముసలమ్మ మణికట్టు మీద పడుతూనే ఉన్నాయి. ముసలమ్మ తుడుచుకోలేదు. ఆ తర్వాత చిన్నమ్మ ఏళ్ళ తరబడి ఆ దారుల్లో తిరిగింది. పల్లెల్లో ఆమెకు గాజులమ్మ అనే పేరు నిలిచిపోయింది. గూడూరు మాట ఎవరూ ఎత్తలేదు. తన ఇంట్లోనే, తన చాప మీదే కన్నుమూసింది.

అన్నీ తెలుసనుకున్న ఆ పదిహేడేళ్ళ పిల్లను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పాపం, దానికి తుప్పు సంగతే కాదు, దుఃఖం సంగతీ తెలియదు. పక్కన కూర్చోబెట్టుకుని రెండూ నేర్పిన మనిషికి థాంక్స్ అని ఒక్కసారైనా చెప్పలేదు. చెబితే చిన్నమ్మ సిగ్గుపడేది. మాలో పోయిన తల్లి కోసం కడుపున పుట్టినవాళ్ళు దువా చేస్తారు. చిన్నమ్మకు వాళ్ళు లేరు. నేను చేస్తున్నాను గానీ ఒక్క గొంతు సరిపోతుందా అని బెంగ. అందుకని ఇది చదివినవాళ్ళు, దేవుణ్ణి ఏ పేరుతో పిలిచేవాళ్ళయినా సరే, మీ వాళ్ళ కోసం ప్రార్థించాక చివర్లో మా చిన్నమ్మను కూడా ఒక్కసారి తలచుకోండి. పేరు అక్కర్లేదు. గాజులమ్మ అంటే చాలు, ఆయనకు తెలుస్తుంది.