ఉప్పు వెయ్యని గిన్నె

మా మేనత్త పోయింది. పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున్నే వాళ్ళమ్మాయి, మా వదిన, ఫోన్ చేసి "అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయిందే" అంది. అమ్మా నాన్నా నేనూ ఇబ్రహీంపట్నం నుంచి బయల్దేరి, విజయవాడ వన్ టౌన్‌లో వాళ్ళ సందుకు చేరేసరికి వాకిట్లో కుర్చీలు వేసేశారు. నేను చెప్పులు విప్పుతుంటే, కుర్చీలో కూర్చున్న బంధువు ఒకాయన పక్కాయనతో అంటున్నాడు. "ఇన్నేళ్ళు నోరు కట్టుకుని చప్పిడి కూడు తిని ఏం బావుకుందండీ పాపం? పోయేది పోనే పోయింది."

చావింట్లో గొడవెందుకని అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను. మా అత్తయ్య బావుకున్నది పదేళ్ళకు పైగా బతుకు. గుండెపోటు వచ్చిన మనిషి ఆ పదేళ్ళూ కృష్ణ ఒడ్డున రోజూ నడిచింది, మనవరాలికి ఎక్కాలు నేర్పింది, నచ్చనివాళ్ళతో కడుపునిండా పోట్లాడింది. అది తక్కువ అనుకునేవాళ్ళతో నాకు మాటల్లేవు.

ఆ గుండెపోటు ఆవకాయ రోజుల్లో వచ్చింది. మా బంధువుల్లో ఎవరు ఆవకాయ కలిపినా ఉప్పు సరిపోయిందో లేదో ఆవిడే రుచి చూసి చెప్పాలి. జాడీలు ఆటోలెక్కి ఆవిడ దగ్గరకు వచ్చేవి. ఆ ఏడు తన ఇంట్లో కలుపుతుండగా గుండె పట్టేసింది. గ్యాస్ అనుకుని సోడా తాగింది. ముక్కలన్నీ కలిపి, జాడీకి గుడ్డ కట్టి, అప్పుడు ఆస్పత్రికి బయల్దేరింది. స్టెంటు వేసిన డాక్టరు ఇంటికి పంపేటప్పుడు విడమరిచి చెప్పాడు. "బీపీ పెరిగితే మామూలు మనిషికే ముప్పమ్మా. ఒకసారి దెబ్బతిన్న గుండెకు ఇంకా ముప్పు. మళ్ళీ గుండెపోటు రావచ్చు, పక్షవాతం రావచ్చు. ఉప్పు తగ్గించండి, బిళ్ళలు మానకండి."

కొన్నాళ్ళకు ఇంట్లో మిషన్ మీద బీపీ మామూలుగానే చూపించింది. మన ఇళ్ళల్లో అందరూ చేసే పనే ఆవిడా చేసింది. నయమైపోయిందనుకుని బిళ్ళలు ఆపేసింది. నెల తిరక్కుండా మళ్ళీ ఆస్పత్రిలో చేరింది. ఇంటికొచ్చాక మా నాన్నతో, అంటే తన తమ్ముడితో, అన్న మాట నేను మర్చిపోను. "కరకట్ట ఉంది కాబట్టి ఊళ్ళోకి నీళ్ళు రాలేదురా. నీళ్ళు రావట్లేదుగా అని కట్ట తవ్వేసుకున్నా. నా అంత బుద్ధి తక్కువది ఎవరన్నా ఉంటారా?" ఆ తర్వాత ఎప్పుడైనా కళ్ళు తిరిగినట్టుంటే డాక్టరుకు చెప్పి మోతాదు మార్పించుకునేది గానీ, తనంతట తాను ఒక్క బిళ్ళ మానలేదు.

నాన్న దారి వేరు. ఆయనకూ స్టెంటు ఉంది. చెకప్‌కు రెండు రోజుల ముందు పచ్చళ్ళు మానేసి, బిళ్ళలు బుద్ధిగా వేసుకుని, పరీక్షకు వెళ్ళినట్టు వెళ్ళి డాక్టరు మెప్పు పొందేవాడు. తిరిగొచ్చే దారిలో బజ్జీల బండి దగ్గర ఆగేవాడు. "డాక్టర్ని బురిడీ కొట్టించావు సరే, నీ గుండెనెట్టా కొట్టిస్తావురా?" అని అత్తయ్య నిలదీసేది. ఆయన్ని కుర్చీలో చేరగిలబెట్టి, కాళ్ళు నేలకు ఆనించి, "కాసేపు నోరు ముయ్యి" అని గదిమి, అప్పుడు చేతికి బీపీ మిషన్ పట్టీ చుట్టేది. మా వంశంలో నోరు మూసుకోవడం కన్నా ఉప్పు మానడమే తేలిక.

విందుల్లో ఆవిడతో మరీ కష్టం. "మా ఇంట్లో తినకపోతే ఎట్లా వదినగారూ, ఈ ఒక్కరోజుకీ ఏం కాదులెండి" అనేవాళ్ళందరికీ ఒకటే జవాబు: "మీకొక్కరోజే. నాకు వారానికో పెళ్ళి." మైలవరంలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు ఏకంగా వంటపందిట్లోకే నడిచింది. ఉప్పు వెయ్యకముందే ఒక గిన్నెడు పప్పు పక్కకు తియ్యమంది. వంటాయనకు చిన్నతనమైంది.

"చప్పటి పప్పు వడ్డిస్తే నా పేరు పోద్దమ్మా."

"నీ పేరు నిలబడాలంటే నన్ను పాడె మీద పడుకోమంటావా నాయనా?"

ఆయన నవ్వి గిన్నె తీశాడు. మా వాళ్ళ శుభకార్యాలన్నిటికీ వంట ఆయనదే కావడంతో, అప్పట్నించీ అడక్కుండానే అమ్మగారి గిన్నె వేరేగా వచ్చేది. జనం నవ్వుకునేవాళ్ళు. ఆవిడ విస్తరి చివర వేసిన ఉప్పును వేలితో పక్కకు నెట్టి, నిమ్మకాయ పిండుకుని, దర్జాగా తినేది.

అత్తయ్య పోయిన మర్నాటినుంచి నాన్న బిళ్ళలు వేసుకోవడం పూర్తిగా మానేశాడు. "అంత నియమంగా ఉన్న అక్కే పోయింది. ఇంక నాకెందుకే అమ్మాయ్?" అన్నాడు. నాకు దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది. "అత్తయ్య ఆ బిళ్ళలు వేసుకోకపోతే నీతో పోట్లాడ్డానికి ఇన్నేళ్ళు ఉండేదా నాన్నా?" అని అరిచాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ బతిమాలింది, డాక్టరు ఫోన్లో కేకలేశాడు. బిళ్ళల డబ్బా కదల్లేదు. ఒక చావు చూశాను. దాన్ని సాకుగా పెట్టుకుని వచ్చే ఇంకో చావు చూడటం నా వల్ల కాదు. రోజూ పొద్దున్నే ఆయన ఊపిరి తీస్తున్నాడో లేదోనని తొంగి చూసేదాన్ని.

పెద్దకర్మ రోజు సందులోనే షామియానా వేసి భోజనాలు పెట్టారు. వంటాయన ఆయనే. పప్పు వడ్డన మొదలైంది. వడ్డించేవాళ్ళ వెనకాలే ఆయన మూత పెట్టిన గిన్నె ఒకటి పట్టుకొచ్చి, మా బంతి దగ్గర గతుక్కుమని ఆగిపోయాడు.

"అమ్మగారి గిన్నె అండీ. అలవాటులో తీసేశాను." ఆయన కళ్ళనిండా నీళ్ళు. "లోపలికి తీసుకెళ్ళిపోతా."

నాన్న తల వంచుకుని తన విస్తరినే చూస్తున్నాడు. కాసేపటికి విస్తరి చివరున్న ఉప్పును వేలితో మెల్లగా కిందకు నెట్టేశాడు.

"ఎక్కడికయ్యా తీసుకెళ్ళేది? ఇటు వడ్డించు."

ఒక్క ముద్ద తిన్నాడు. మొహం చిట్లించాడు. "దీన్ని ఇన్నేళ్ళు ఎట్టా తిన్నావే అక్కా!" అని పెద్దగా ఏడ్చేశాడు. ఏడుస్తూనే నిమ్మకాయ బద్ద కోసం చెయ్యి చాచాడు. అందిస్తుంటే నా చెవి దగ్గర, "బిళ్ళలు ఇన్నాళ్ళు మానేశా, మళ్ళీ ఎట్టా మొదలెట్టాలో డాక్టర్నడుగు" అన్నాడు.

ఎదుటి వరసలో ఒక ముసలాయన "ఇటు కూడా కాస్త" అన్నాడు. ఆ పక్కావిడా అడిగింది. గిన్నె బంతి వెంట నడిచింది. అది ఎప్పుడూ ఒక్క మనిషికి సరిపోయే గిన్నె. నాలుగు విస్తళ్ళు దాటకముందే అడుక్కి గరిటె తగిలి టంగుమంది.