అమ్మమ్మ వాళ్లమ్మ బొమ్మ కోసం చిక్కడపల్లికి

2012 వానాకాలం మొదట్లో మా గోడకు చెదలు పట్టి, అమ్మమ్మ వాళ్లమ్మ బొమ్మను తినేశాయి. ఆ తల్లి అమ్మమ్మను కన్న ఆరో నెలలోనే పోయింది. ఫోటో ఎవరూ తీయించలేదు. అమ్మమ్మ వాళ్ల నాన్న అప్పట్లో ఆడవాళ్ల పత్రికకు చీరల, రవికల ఫ్యాషన్ బొమ్మలు గీసేవాడు. తల్లి కోసం ఏడ్చే పిల్లకు ఒక పేజీ చించి, "ఇదే మీ అమ్మ" అని ఇచ్చాడట. పోయిన పెద్దలకు బియ్యం ఇచ్చే పెత్తరమాసలోపు అదే బొమ్మ ఇంకొకటి కావాలని ఎనభై రెండేళ్ల అమ్మమ్మ నా ప్రాణాలు తోడేసింది.

భాద్రపదంలో, బంద్ లేని రోజు చూసుకుని, మహబూబ్‌నగర్‌లో ఉదయం ఆరున్నర ప్యాసింజర్ ఎక్కాం. టిఫిన్ కట్టుకుపోవడమే మేలు. రైల్లో టీ వేడినీళ్లకు తక్కువ. జడ్చర్లలో ఎక్కిన కూలీ ఆమె, "ఏడికి అవ్వా, దవఖానకా?" అంది.

"మా అమ్మను చూడనీకి," అంది అమ్మమ్మ. ఆమె బిత్తరపోయి నా వైపు చూసింది.

కాచిగూడలో దిగేసరికి తొమ్మిదిన్నర. ఆటోవాడు ఎనభై అడిగి, అరవైకి నారాయణగూడ మీదుగా తీసుకుపోయాడు. చిక్కడపల్లిలో పాత పత్రికలు కూడబెట్టే రిటైర్డ్ గుమాస్తా ఇల్లు రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. ఫోన్‌లో ఆయనకు బొమ్మ గుర్తులు చెప్పాను గానీ, అది ఎవరి బొమ్మో చెప్పలేదు. నా బుద్ధి తక్కువ.

ఆయన గంట వెతికి తీశాడు. అమ్మమ్మ దాన్ని కళ్లకద్దుకుంది. ఆయన అది చూడకుండా, హుషారుగా ఒక విలాయతీ పత్రిక తెచ్చి పక్కన పరిచాడు. గౌనులో ఒక దొరసాని. అదే మెడ వంపు, అదే ముక్కు, అదే నవ్వు.

"జర చూడండమ్మా, తమాషా! అప్పట్ల బొమ్మలేసెటోళ్లు చానమంది గిట్లనే చేసిండ్రు. సన్న కాయిదం పెట్టి మొహం దింపుడు, గౌను జాగల చీర గీసుడు."

ఆయన నోరు నొక్కాలనిపించింది. అమ్మమ్మ అద్దాలు తుడుచుకుని, రెండు బొమ్మలనూ మార్చి మార్చి చూసింది.

ఆయన రెండు పత్రికలూ పట్టుకుని వెంట రాగా, రంగు జిరాక్స్ కోసం అశోక్‌నగర్ పోయాం. పరీక్షల పిల్లల వెనక వరసలో నిలబడ్డాం. "రెండూ తియ్యాల్నా అక్కా?" అన్నాడు షాపతను. చీర బొమ్మ ఒక్కటే తీయించాను.

సాయంత్రం రైలు ఖాళీగానే ఉంది. ఒక్క పూటలో అయిపోయే ప్రయాణమే, కానీ పోకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. షాద్‌నగర్ దాటాక అమ్మమ్మ ఆ జిరాక్స్ ఒళ్లో పరుచుకుంది.

"నాయిన నన్ను ఊకుంచనీకే చెప్పిండు, పాపం. గని రేపు నేను పోయినంక, ఆడ మా అమ్మ ఎదురొస్తే ఎట్ల గుర్తుపట్టాలె బిడ్డా?"